దూరదేశమున జబ్బుపడినచో విమానము వచ్చునా?

గత మాసమున కోనసీమనుండి మా నిలయమునకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు. అరువదియెనిమిది యేండ్ల వయస్సువారు. వారి కుమార్తె అమెరికాలో డల్లాసు నగరమున కాపురమున్నది. ఆమెకు నెలలు నిండనున్నవి. పురిటికి సాయముగ నుండుటకై దంపతులిద్దరును ఆరు మాసములపాటు అచ్చటికి పోవుచున్నారు. అల్లుడు ప్రయాణ భీమా పత్రమును కొని పంపినాడు. నలువది పుటల ఆ పత్రమును మాష్టారు పరీక్ష కాగితములు దిద్దునట్లు ఎఱ్ఱసిరాతో గీతలు పెట్టుచు చదివినారట. ఒక పుటలో “అత్యవసర వైద్య తరలింపు, విమానము ద్వారా” అను పంక్తి వారి కంటబడినది. దానికి రెండు గీతలు పెట్టి వారు మమ్ము అడిగిన ప్రశ్న ఇది: “అయ్యా, అక్కడ నాకు ఏదేని జబ్బుచేసి లేవలేకపోయినచో ఈ కంపెనీవారు నన్ను విమానముపై మా ఊరు చేర్చుదురా, చేర్చరా? ఈ ఒక్క మాట తేలువఱకు పెట్టె సర్దనని మా ఇంటిది కూర్చున్నది.”

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. నేడు తెలుగుదేశమున బిడ్డలు విదేశములందు లేని వీధి అరుదు. ఆ బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులు చాలవఱకు అరువది దాటినవారే. కావున మేము ఆ పంక్తిని చేతబట్టుకొని భీమా వ్యవహారము తెలిసినవారిని, విమానములపై రోగులను తీసికొనిపోవు పని ఎరిగిన వైద్యులను అడిగి చూచితిమి. వచ్చిన సమాధానమును ముందే చెప్పివేయుదుము: మాష్టారు ఆ పంక్తిలో చదివిన అర్థము వేరు, కంపెనీవారు వ్రాసిన అర్థము వేరు. “తరలింపు” అనగా ఇంటికి చేర్చుట అని మనము తలచుదుము. భీమా పత్రమున తరలింపు అనగా తగిన వైద్యము దొరకు చోట్లలో అన్నిటికంటె దగ్గర చోటికి చేర్చుట. ఆ చోటు మన ఊరు కావచ్చును, సాధారణముగ కాదు.

ఈ అర్థము ఎవరో గుమాస్తా తెలివికి పుట్టినది కాదు. అది ఈ విద్య పుట్టుకతోనే వచ్చినది. ఆ కథలో మా రేడియోకు కూడ కొంత పాలు కలదు గనుక దానిని కొంచెము విస్తరించి చెప్పుదుము.

1917లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతమున జిమ్మీ డార్సీ అను పశువులకాపరి గుఱ్ఱముతో కూడ పడి పొత్తికడుపున తీవ్రముగ గాయపడెను. తోడివారు అతనిని బండిపై మోసికొని హాల్స్ క్రీక్ అను చిన్న ఊరికి చేర్చిరి. అచ్చట వైద్యుడు లేడు. ఉన్నది టెలిగ్రాఫ్ యంత్రము, దానిని నడుపు పోస్టుమాస్టరు టకెట్. ఆయన ప్రథమచికిత్స కొంత నేర్చినవాడు. వేల కిలోమీటర్ల దూరమున పెర్త్ నగరములో నున్న డాక్టరు హాలండ్ తంతి మీద చుక్కలు గీతలుగ సలహాలు పంపుచుండగా, పోస్టుమాస్టరు తన చాకుతో ఆ రోగికి శస్త్రచికిత్స చేసెను. మత్తుమందు లేదు. చికిత్స ఫలించినది గాని రోగి కోలుకొనలేదు. డాక్టరు హాలండ్ స్వయముగ బయలుదేరి, పశువులను రవాణా చేయు ఓడమీద డెర్బీ రేవునకు వచ్చి, అచ్చటినుండి మోటారుపై ఎడారి దారి పట్టి, మోటారు చెడిపోగా కడపటి దూరము మరొక తీరున గడిపి హాల్స్ క్రీక్ చేరుసరికి డార్సీ అంతకు ముందటి దినముననే మరణించియుండెను.

ఆ వార్త ఆస్ట్రేలియా పత్రికలన్నిటను వచ్చినది. జాన్ ఫ్లిన్ అను మతబోధకుడు ఎడారి ప్రాంతములందు వైద్యశాలలు నెలకొల్పుటకు అప్పటికే పాటుపడుచుండెను. క్లిఫర్డ్ పీల్ అను యువ వైమానికుడు, వైద్యవిద్యార్థి, ఆయనకు ఒక ఉత్తరము వ్రాసి, ఈ పనికి విమానములు ఎట్లు ఉపయోగించునో లెక్కలతో వివరించెను. పీల్ 1918లో యుద్ధమున మరణించెను. తన మాట నిజమగుట చూడలేదు. 1928 మే మాసమున క్వీన్స్‌లాండులోని క్లాన్‌కరీ అను ఊరినుండి మొదటి వైద్యవిమానము ఎగిరినది. విమానమును క్వాంటాస్ కంపెనీ అద్దెకిచ్చినది. నడిపినవాడు ఆర్థర్ అఫ్లెక్. అందు కూర్చున్న వైద్యుడు సెయింట్ విన్సెంట్ వెల్ష్. మొదటి సంవత్సరమున సుమారు 50 ప్రయాణములు, 20,000 మైళ్లు తిరిగిరి.

విమానము వచ్చినది సరే, దానిని పిలుచుట ఎట్లు? టెలిగ్రాఫ్ తంతి లేని పశువుల క్షేత్రములవారు ఆకాశమువైపు చూచి కేకవేసినంత మాత్రమున వైద్యుడు దిగిరాడు గదా. ఈ చిక్కును ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అను ఇంజనీరు విప్పెను. సైకిలు తొక్కునట్లు కాళ్లతో తొక్కి విద్యుత్తు పుట్టించుకొను రేడియో యంత్రమును అతడు తయారుచేసెను. 1929లో ఆ యంత్రములు ఎడారి ఇండ్లకు చేరినవి. ఇల్లాలు బల్లముందు కూర్చుండి కాళ్లతో తొక్కుచు చేతితో వార్త పంపినచో విమానము వచ్చును. మేము ఈ సంగతి చదివినప్పుడు మా ప్రసారయంత్రముల గదిలోని ఇంజనీరుగారికి చెప్పగా, “మా కాళ్లకు ఆ పని తప్పినది, అదృష్టము” అని నవ్విరి. కాని ఇందులో ఒక గట్టి సంగతి ఉన్నది. రక్షించునది విమానము ఒక్కటే కాదు, పిలుపు. ఈ సంగతి మాష్టారి పత్రమునకు కూడ వర్తించును. దానిని తర్వాత చెప్పుదుము.

ఆ ఎడారి విమానము రోగిని అతని సొంత ఊరికి తీసికొనిపోవుటకు పుట్టలేదు. వైద్యము లేని చోటినుండి ఉన్న చోటికి చేర్చుటకు పుట్టినది. 1957లో నైరోబీలో ఆరంభమైన ఆఫ్రికా వైద్యవిమాన సేవ కూడ అట్టిదే. కెన్యా అడవులలో సింహములను చూడబోయిన యాత్రికుడు ప్రమాదమున పడినచో ఆ విమానము అతనిని నైరోబీ ఆసుపత్రికి చేర్చును. అతని సొంత ఊరు లండనైనను అమలాపురమైనను మొదటి గమ్యము నైరోబీయే.

స్విట్జర్లండువారి పద్ధతి కొంచెము వేరు. మాకు మిక్కిలి నచ్చినది కూడ అదియే. అచ్చట 1952లో స్థాపింపబడిన ‘రెగా’ అను సంస్థ పర్వతములలో చిక్కినవారిని హెలికాప్టర్లపై, విదేశములలో జబ్బుపడిన స్వదేశీయులను పెద్ద జెట్ విమానములపై తీసికొని వచ్చుచున్నది. 1966 నుండి దీనికి పోషకులుగా చేరిన ప్రజలు ఏటేట కొద్దిపాటి చందా నిచ్చుచున్నారు. ఇప్పుడు ఆ పోషకుల సంఖ్య 35 లక్షలు మించినది. ఆ దేశపు జనాభాయే 90 లక్షల చిల్లర. పోషకునికి కష్టము వచ్చి, ఖర్చు మరెవ్వరును భరింపనప్పుడు సంస్థ దానిని మాఫీ చేయవచ్చును. “చేయవచ్చును” అనియే గాని “చేయవలెను” అని లేదు. కావున దానిని భీమా అనరు, చందా అందురు. అయినను జనులకు ఆ సంస్థపై నమ్మకము కుదిరినది. మనము కొను భీమా దీనికి తలక్రిందులు: ఇచ్చట నమ్మకముతో పనిలేదు, అక్షరముతో పని. అందుచేత అక్షరమును చదువక తప్పదు.

ఇక పత్రమునకు వత్తము. అందు సాధారణముగ మూడు వేర్వేరు మాటలుండును. మూడిటికిని విమానము కావలసినదే గాన మనము వానిని కలిపి ఒకటిగా చదివివేయుదుము. మొదటిది మేము చెప్పిన తరలింపు. రెండవది స్వదేశమునకు చేర్చుట: రోగి గండము గడచి, ప్రయాణము తట్టుకొనునను స్థితికి వచ్చిన పిమ్మట, ఇంకను చికిత్స అవసరమైనచో స్వదేశపు ఆసుపత్రికి తెచ్చుట. మూడవది చెప్పుటకు నోరు రాదు గాని చెప్పక తప్పదు: మరణించినచో భౌతికకాయమును ఇల్లు చేర్చుట. కొన్ని పత్రములలో మొదటిదియు మూడవదియు ఉండి రెండవది ఉండదు. మాష్టారి ప్రశ్నకు సమాధానము ఆ రెండవ మాటలో ఉన్నది. ఐరోపాలోని షెంగెన్ దేశములకు వీసా కోరువారు కనీసము 30,000 యూరోల భీమా చూపవలెనను నియమము 2004 నుండి అమలులో నున్నది; అందు వైద్యకారణముచే స్వదేశమునకు చేర్చుట కూడ చేరియుండవలెనని స్పష్టముగ నున్నది. అమెరికా సందర్శకుల వీసాకు అట్టి నియమము లేదు. కావున అచ్చటికి పోవువారు తమ పత్రములో ఏమున్నదో తామే చూచుకొనవలెను.

తరలింపు మాట ఉన్నను అది ఎప్పుడు పనిచేయును? రోగి ఉన్న ఆసుపత్రిలో ఆ జబ్బుకు తగిన వైద్యము లేకుండవలెను. డల్లాసు వంటి మహానగరమున హృద్రోగమునకు, పక్షవాతమునకు తగిన వైద్యము లేదని ఎవరు చెప్పగలరు? కావున మాష్టారు అచ్చట జబ్బుపడినచో తరలింపు పంక్తి నిద్రపోవును. వారిని కాపాడునది వేరొక పంక్తి: ఆసుపత్రి ఖర్చు ఎంతవఱకు ఇత్తురను సంఖ్య. అమెరికాలో తీవ్రచికిత్స గదిలో ఒక్క దినమునకు వేల డాలర్లు అగును. ఏబదివేల డాలర్ల పత్రము పెద్దదిగా కనబడును గాని గుండె ఆపరేషను ముందు అది నిలువదు. అరువది, డెబ్బది దాటినవారికి ఈ పరిమితిని తగ్గించి వ్రాయు పత్రములు పెక్కు కలవు. పైపుటలోని పెద్ద అంకెను చూచి లోపలి చిన్న అంకెను చూడకుండుట మన అలవాటు.

ఇచ్చట ఒక విచిత్రము కలదు. అమెరికా ఆసుపత్రి ఖర్చు దినదినము పెరుగుచుండగా, రోగిని స్వదేశమునకు చేర్చుటయే చౌక అని కంపెనీయే ఒకనాడు లెక్కగట్టవచ్చును. అప్పుడు తరలింపు మాట వారి నోటనే వచ్చును. రోగి ఒప్పుకొననిచో అటుపై ఖర్చు ఇయ్యమని చెప్పు నిబంధన కూడ కొన్ని పత్రములలో ఉండును. ఇంటికి పోవలెనని రోగి కోరినప్పుడు కుదరదనుట, ఉందునని రోగి కోరినప్పుడు పొమ్మనుట వినుటకు క్రూరముగ నుండును. రెండు చోట్లను నిర్ణయించునది చికిత్స చేయు వైద్యుడును కంపెనీ వైద్యుడును కలిసి చూచు వైద్యావశ్యకత అని పత్రము చెప్పును. దానితోపాటు ఖర్చు లెక్కయు పనిచేయుననుట మేము దాచము.

రోగిని విమానమెక్కించుట బస్సు ఎక్కించుట వంటిది కాదని చాలమందికి తెలియదు. విమానము ముప్పది నలువది వేల అడుగుల ఎత్తున పోవుచున్నను లోపల గాలిని యంత్రములు ఒత్తిడితో నింపుచుండును. అయినను ఆ ఒత్తిడి నేలమీది ఒత్తిడితో సమానము కాదు. ఎనిమిదివేల అడుగుల కొండపై నున్నంత ఉండవచ్చును, అనగా నేలమీది దానిలో సుమారు మూడువంతులు, నాల్గింట. ఆరోగ్యవంతునికి అది తెలియదు. గుండెయో ఊపిరితిత్తులో చెడినవానికి రక్తమున ప్రాణవాయువు పడిపోవును. ఒత్తిడి తగ్గినకొలది వాయువు వ్యాకోచించునని బడిలో చదివితిమి గదా. శరీరములో చిక్కిన గాలియు అట్లే సుమారు మూడవవంతు ఉబ్బును. ఊపిరితిత్తి చుట్టును గాలి చేరిన రోగికి ఇది ప్రాణాపాయము. కడుపు కోసి కుట్టిన రోగి ప్రేవులలోని గాలి ఉబ్బి కుట్లను లాగును. కావుననే ఉదరమున శస్త్రచికిత్స జరిగిన పిదప సాధారణముగ పది దినములవఱకు విమానయానము వలదందురు. శ్వాసనాళమున వేసిన గొట్టమును పట్టియుంచు చిన్న బుడగలో గాలికి బదులు నీరు నింపు వైద్యులు కలరు. నీరు ఉబ్బదు గనుక. క్రొత్తగా వేసిన పిండికట్టును చీల్చి వదులుచేయుదురు. మరియు కొందరు రోగులకొరకు విమానమును తక్కువ ఎత్తున నడిపి లోపల నేలమీది ఒత్తిడినే నిలుపుదురు. అట్లు నడిపినచో ఇంధనము ఎక్కువ కాలును. మార్గమధ్యమున దిగవలసిన చోట్లు పెరుగును.

న్యూయార్కునుండి హైదరాబాదునకు ఆకాశమార్గమున సుమారు 13,000 కిలోమీటర్లు. రోగులకు వాడు చిన్న జెట్ విమానము ఒక్క ఎగురుటలో అందు మూడవవంతు పోవుటయే కష్టము. మూడు నాలుగు చోట్ల దిగి ఇంధనము పోసికొనవలెను. ప్రతి దేశముపై ఎగురుటకును దిగుటకును అనుమతి తీసికొనవలెను. విమానచోదకులకు పని గంటల పరిమితి కలదు గాన రెండవ జట్టు వేచియుండవలెను. వైద్యుడు, నర్సు, ప్రాణవాయువు, యంత్రములు సరేసరి. మరియు ఇచ్చట చేర్చుకొనుటకు ఒక ఆసుపత్రి మంచము సిద్ధమని ముందే ఒప్పుకొనవలెను. ఖండములు దాటు ఇట్టి ప్రయాణమునకు లక్ష డాలర్లకు మించి అగుటలో ఆశ్చర్యము లేదు.

స్థితి కొంత మెరుగైన రోగికి మరియొక మార్గము కలదు. సాధారణ ప్రయాణికుల విమానములోనే సీట్ల వీపులను మడిచి వానిపై స్ట్రెచరు బిగింతురు. చుట్టును తెర కట్టుదురు. ఒక స్ట్రెచరు ఆరు మొదలు తొమ్మిది సీట్లను ఆక్రమించును. ఆ సీట్లన్నిటికి డబ్బు కట్టవలెను, వెంట వచ్చు వైద్యునికో నర్సుకో వేరుగ కట్టవలెను. విమానసంస్థవారి వైద్యుడు కాగితములు చూచి ఒప్పుకొనుటకు రెండు మూడు దినములు పట్టును. అయినను ప్రత్యేక విమానముతో పోల్చినచో ఖర్చు ఎన్నో రెట్లు తక్కువ. విదేశమున జబ్బుపడి స్వదేశము చేరు రోగులలో అనేకులు ఈ తెరచాటుననే వత్తురు.

ఈ తెరను ఎక్కువగ ఎరిగినవారు అమెరికా తల్లిదండ్రులు కారు. కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల జిల్లాలనుండి గల్ఫు దేశములకు కూలికి పోయినవారి కుటుంబములు. కట్టడముపైనుండి పడియో, పక్షవాతము వచ్చియో నెలల తరబడి పరాయి ఆసుపత్రిలో పడియున్న మనిషిని ఇల్లు చేర్చుట ఎట్లని ఆ గ్రామములవారు తిరుగు ఆఫీసుల సంఖ్యకు లెక్కలేదు. వలసపోవుటకు ప్రభుత్వానుమతి కావలసిన కార్మికులకు 2003లో ప్రవాసి భారతీయ భీమా యోజన ఏర్పడినది. 2017లో సవరించిన నిబంధనల ప్రకారము రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు ప్రీమియము. ప్రమాదమున మరణించినను శాశ్వతముగ వికలాంగుడైనను 10 లక్షల రూపాయలు. అనారోగ్యముచే పనికి అనర్హుడై తిరిగివచ్చువానికి విమాన టికెట్టు ఖర్చు కూడ అందులో ఉన్నది. అయితే అది కూర్చుండి రాగలవాని ఒక్క టికెట్టు. పడుకొని రావలసినవానికి తొమ్మిది సీట్లు కావలెను. ఈ రెండిటి నడుమ దూరమును ఎవరు పూడ్చవలెను? మన దౌత్యకార్యాలయములలో 2009 నుండి భారతీయ సమాజ సంక్షేమనిధి యొకటి నడచుచున్నది. కష్టముననున్న భారతీయుల అత్యవసర వైద్యమునకు, మృతదేహములను పంపుటకు దానినుండి సాయము చేయుదురు. ఈ నిధి పేరు విదేశమునకు పోవు ప్రతి కార్మికునికిని, అతని ఇంటివారికిని తెలియుట మంచిది. భీమా పత్రము లేనివాడు కూడ ఆ తలుపు తట్టవచ్చును.

మరియొక వర్గము కలదు: తాము దూరప్రయాణికులమని తలంపనివారు, యాత్రికులు. మా నిలయమున పనిచేయు మిత్రుని పినతల్లిగారు ఇరుగుపొరుగువారితో కలిసి నేపాలులోని ముక్తినాథమునకు పోయిరి. పోఖరా పట్టణము సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల ఎత్తు. అచ్చటినుండి ఉదయము చిన్న విమానమున ఇరువది నిమిషములలో జోమ్‌సోమ్ చేరిరి. అది 2,700 మీటర్లు. ఆ దినముననే జీపులో ముక్తినాథము చేరిరి. అది 3,700 మీటర్లకు పైన. దర్శనము బాగుగ జరిగినది. రాత్రి అచ్చటనే బసచేసిరి. అర్ధరాత్రి ఆమెకు ఊపిరాడలేదు. పొడిదగ్గు, పెదవులు నీలమైనవి. కొండ ఎక్కువ వేగముగ ఎక్కినప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరు జబ్బు ఇది. దీనికి మొదటి మందు క్రిందికి దిగుట, వెంటనే దిగుట. వేయి మీటర్లు దిగినను చాలవఱకు తెరపి కలుగును. కాని వెంటనున్నవారు హెలికాప్టరు కొరకు తెల్లవారువఱకు ఎదురుచూచిరి. పర్వతములలో రాత్రివేళ హెలికాప్టరు రాదు. కాళీగండకి లోయలో పగలు కూడ మధ్యాహ్నమైనచో పెనుగాలులు వీచును. వాకిట జీపు ఉన్నది, అది దిగియుండవలసినది. దైవవశమున ఆమె బ్రతికిరి. బసవారు పిలిపించిన హెలికాప్టరుపై మరునాడు పోఖరా చేరిరి.

ఆ హెలికాప్టరు ఖర్చును భీమా కంపెనీ ఇయ్యలేదు. రెండు కారణములు చెప్పిరి. పత్రములో 3,000 మీటర్లకు పైబడిన ఎత్తులకు భీమా వర్తింపదని ఉన్నది. పినతల్లిగారు పర్వతారోహణము చేయలేదు, జీపులో కూర్చుండి పోయిరి. అయినను అక్షరమునకు జీపును కాలినడకయు ఒక్కటే. కేదారనాథము కూడ 3,500 మీటర్లు దాటిన క్షేత్రమే; కైలాస పరిక్రమలోని డోల్మా కనుమ 5,600 దాటినది. యాత్రికుడు పత్రములో మొట్టమొదట వెదుకవలసినది ఈ ఎత్తు అంకె. దేశములోపలి యాత్రలకు ఆరోగ్యభీమాలోని ఎయిర్ అంబులెన్సు పంక్తి వేరుగా నుండును; ఆపద వచ్చిన చోటినుండి ఆసుపత్రికి చేర్చుటకు కొంత పరిమితివఱకు ఇత్తురు, తిరిగి ఇంటికి తెచ్చుటకు సాధారణముగ ఇయ్యరు.

రెండవ కారణము మరింత ముఖ్యమైనది: హెలికాప్టరును పిలుచుటకు ముందు కంపెనీ సహాయకేంద్రమునకు ఫోను చేయలేదు. ఈ నియమము దాదాపు అన్ని పత్రములలోను ఉన్నది. తరలింపును తామే ఏర్పాటు చేయుదుము, లేదా ముందుగ తమ అనుమతి తీసికొనవలెను. మీరే ఏర్పాటు చేసికొని తర్వాత బిల్లు పంపినచో ఇయ్యము అని వ్రాయుదురు. ప్రాణము పోవుచుండగా అనుమతి ఏమిటని కోపము వచ్చుట సహజమే. కాని ఇందుకు వారి పక్షమునను ఒక కారణము కలదు. నేపాలులో అవసరము లేకున్నను యాత్రికులను హెలికాప్టరెక్కించి కంపెనీలనుండి సొమ్ము లాగుచున్నారను ఫిర్యాదులు మితిమీరగా 2018లో ఆ దేశపు ప్రభుత్వమే విచారణ జరిపించినది. ఒకే హెలికాప్టరులో నలుగురిని తెచ్చి నలుగురి పేరను నాలుగు పూర్తి బిల్లులు పంపిన సందర్భములు బయటపడినవి. దొంగలకొరకు వేసిన తాళము దొరలనును ఆపును. మేము ఎడారి రేడియో గూర్చి చెప్పినది ఇచ్చటికి వత్తుమనియే. పిలుపు చేరవలసిన చోటికి చేరినప్పుడే విమానము వచ్చును.

కావున మాష్టారికి మేము వ్రాసిన జాబు ఇట్లున్నది. మాష్టారూ, మీ పత్రములో తరలింపు ఉన్నది. స్వదేశమునకు చేర్చుట అను మాట ఉన్నదో లేదో మరొకసారి చూడుడు, లేనిచో ఉన్న పత్రమునకు మార్పించుకొనుడు. అందులో మీకు చక్కెరవ్యాధి కలదా అని అడిగినచోట లేదని వ్రాసియున్నచో వెంటనే దిద్దించుడు. ముందే ఉన్న జబ్బులకు ప్రాణాపాయము తప్పించువఱకే, అదియు ఒక పరిమితివఱకే ఇచ్చు పత్రములు ఎక్కువ; దాచినచో ఆ కొంచెమును పోవును. సహాయకేంద్రపు ఫోను సంఖ్యను, పాలసీ సంఖ్యను, మీరు వాడు మందుల పేర్లను ఒక అట్టముక్కపై వ్రాసి పాస్‌పోర్టుతో ఉంచుడు. మీరు ఫోను చేయలేని స్థితిలో ఉందురు గనుక రెండవ అట్ట అమ్మాయి దగ్గర, మూడవది ఊరిలో ఉన్నవారి దగ్గర ఉండవలెను.

మాష్టారు పదిదినములకు బదులు వ్రాసినారు. చక్కెరవ్యాధి గడిలో అల్లుడు తెలియక “లేదు” అని పెట్టియుండెనట; దిద్దించినందుకు ప్రీమియము కొంత పెరిగినదట. స్వదేశమునకు చేర్చు మాట ముప్పదియొకటవ పుటలో దొరికినదట, దానికి పచ్చసిరాతో గీత పెట్టినారట. మూడవ అట్ట ఎవరివద్ద ఉంచవలెనను విషయమై ఇంట చర్చ జరిగి, రాత్రివేళ కూడ ఫోను తీయువాడు అతడొక్కడే గనుక ఎదురింటి కిరాణాకొట్టు అబ్బాయివద్ద ఉంచినారట. “మా ఇంటిది పెట్టె సర్దుట మొదలుపెట్టినది. ముందుగ ఆవకాయ జాడీ పెట్టినది, మందుల సంచికి ఇంకను చోటు చూచుచున్నాము” అని ఉత్తరము ముగించినారు.